గెయిన్ వెయ్యికి పెంచినా చలించని కేవిటీ

ప్రశ్న: ఎం.ఎస్సీ. ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం కణ త్వరణ యంత్రంలోని 1.3 గిగాహెర్ట్జ్ సూపర్‌కండక్టింగ్ కేవిటీకి (కణాలను నెట్టే రేడియో తరంగాన్ని నిలిపి ఉంచే బోలు లోహపు పాత్రకు), దానిలోని తప్పును కొలిచి దిద్దే ఫీడ్‌బ్యాక్ లూప్‌కు కంప్యూటర్‌లో మోడల్ రాస్తున్నాను. తరంగాన్ని ఉన్నదున్నట్టు లెక్కగడితే ఒక్క పల్సుకే రాత్రంతా పడుతోంది. సమీకరణాన్ని సరళం చేస్తే, గెయిన్‌ను (తప్పును ఎన్ని రెట్లు చేసి దిద్దాలన్నదాన్ని) వెయ్యికి పెంచినా లూప్ అదుపు తప్పి ఊగడం లేదు. నిజమైన యంత్రంలో అది కుదరదని మా గైడ్ అంటున్నారు. ఎందుకు?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ గైడ్ మాట నిజమేనమ్మా. మీ లూప్‌లో, సంకేతం చుట్టి రావడానికి పట్టే ఆలస్యం లేదు.

ముందు ఆ రాత్రంతా పట్టే లెక్క సంగతి చూద్దాం. డోలనానికి ఇరవై మెట్లు వేసుకున్నా 1.4 మిల్లీసెకన్ల పల్సుకు మూడున్నర కోట్లు దాటుతాయి. అంత శ్రమ అక్కరలేదు. డోలనం ఎలాగూ తెలిసిందే, తెలియాల్సింది దాని కంపన పరిమితి, ఫేజ్ (డోలనం ఏ దశలో ఉందన్నది) ఎలా మారుతున్నాయన్నదే. ఆ రెండింటినీ ఒకే సంకీర్ణ సంఖ్యగా తీసుకుని ప్రథమ పరిమాణ అవకలన సమీకరణం రాయండి. మీకు దగ్గర్లోని గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎం.ఎస్.టి. రాడార్ చేసేదీ ఇదే. ప్రతిధ్వనిలోంచి వాహక తరంగాన్ని తీసేసి ఫేజ్‌లో 90 డిగ్రీల తేడా ఉన్న ఐ, క్యూ అనే రెండు భాగాలు మిగుల్చుకుంటుంది, గాలి వేగం వాటిలోనే దొరుకుతుంది. చిత్తూరులో పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ విషయం వివరించడానికి నేను ఎప్పుడూ ఆ రాడార్‌నే ఉదాహరణగా తీసుకునేవాణ్ణి.

ఇక గెయిన్. కేవిటీలోకి శక్తిని పంపే కప్లర్‌తో కలిపి నాణ్యతా గుణకం 30 లక్షలు అనుకుంటే సగం బ్యాండ్‌విడ్త్ (అనునాదానికి ఒకవైపు కేవిటీ బాగా స్పందించే వెడల్పు) సుమారు 217 హెర్ట్జ్, అంటే సెకనుకు 1,360 రేడియన్లు. ఈ సమీకరణం ఒక్కటే ఉంటే ఫేజ్ 90 డిగ్రీలకు మించి వెనకబడదు, అందుకే మీ లూప్ ఎంత గెయిన్‌కైనా నిలబడుతోంది. అసలు యంత్రంలో కేవిటీ క్షేత్రాన్ని కొలిచే ప్రోబ్ సంకేతం కేబుల్ దాటాలి, డిజిటల్‌గా మారాలి, లెక్క పూర్తి కావాలి, క్లైస్ట్రాన్ అనే శక్తివర్ధకం మీదుగా, వేవ్‌గైడ్ అనే లోహపు గొట్టం గుండా మళ్ళీ కేవిటీకి చేరాలి. అంతా కలిపి 2 మైక్రోసెకన్లు అనుకోండి. పై (π) విలువలో సగాన్ని ఆ ఆలస్యంతోను, 1,360తోను భాగిస్తే గెయిన్ హద్దు వస్తుంది. అది సుమారు 577. ఆలస్యం రెట్టింపైతే హద్దు సగానికి పడిపోతుంది. నేనైతే హద్దులో సగం కూడా దాటనివ్వను. పైగా తొమ్మిది గదుల కేవిటీలో పక్క అనునాదం సుమారు 800 కిలోహెర్ట్జ్ దూరంలోనే ఉంటుంది, దానికి ఫిల్టర్ పెట్టక తప్పదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గోడల కదలిక. కేవిటీకి వాడే నయోబియం లోహపు గోడ మందం 2.8 మిల్లీమీటర్లే. లోపలి విద్యుదయస్కాంత క్షేత్రమే దాన్ని ఒత్తుతుంది. కేవిటీ పొడవు ఒక్క మైక్రాన్ మారితే అనునాదం దాదాపు 300 హెర్ట్జ్ జరుగుతుంది, మీ సగం బ్యాండ్‌విడ్త్ కంటే అదే ఎక్కువ! కాబట్టి డీట్యూనింగ్‌ను (అనునాదం పక్కకు జరిగిన మొత్తాన్ని) స్థిరాంకంగా ఉంచకండి. క్షేత్రం వర్గం నెట్టే డోలకంగా, గోడకున్న ఒక్కో యాంత్రిక అనునాదానికి ఒక్కో సమీకరణం రాయండి. ఈ ఒత్తిడి ప్రతి పల్సులోనూ ఇంచుమించు ఒకేలా వస్తుంది. జర్మనీలోని యూరోపియన్ ఎక్స్‌ఫెల్ అనే ఎక్స్-కిరణ లేజర్ యంత్రం సెకనుకు 10 పల్సులతో నడుస్తుంది. అలాంటి చోట గత పల్సులో కనిపించిన తప్పును తర్వాతి పల్సుకు ముందే దిద్దుతారు, ఫీడ్‌బ్యాక్ మీద భారం తగ్గుతుంది.

మెట్టును 0.1 మైక్రోసెకనుగా ఉంచి, ముందు ఆలస్యం ఒక్కటే చేర్చి గెయిన్ పెంచుతూ వెళ్ళండి. 577 దగ్గర 125 కిలోహెర్ట్జ్ డోలనం మొదలవ్వాలి. అది కనిపించాకే గోడల సమీకరణాలు జోడించండి.