ట్యూడర్ల ఇంటికి స్కూల్ ట్రిప్: బాబుని పంపాలా, మానిపించాలా?

"ఇంగ్లండ్ వచ్చి ఆర్నెల్లు కాలేదు. బాబు స్కూల్లో ట్యూడర్ల (పదహారో శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన రాజవంశం) పాఠం అవుతోంది, సింగిల్టన్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ అనే పాత ఇళ్ల మ్యూజియానికి తీసుకెళ్తారట. డబ్బు కట్టాలి, ఆనాటి బట్టలు వేయాలి, పైగా మేం శాకాహారులం. ఆ రోజుకి మానిపించేద్దామా?" అని ఒక తల్లి అడిగారు.

వద్దమ్మా, పంపండి. ట్రిప్పు రోజు కూడా బడి రోజే, ఊరికే మానిపిస్తే గైర్హాజరు రాస్తారు.

గవర్నమెంటు స్కూలైతే బడి వేళల్లో పాఠంలో భాగంగా వెళ్లే ట్రిప్పుకి డబ్బు తప్పనిసరి చేయకూడదు. స్కూలు పంపిన ఉత్తరంలో 'వాలంటరీ కాంట్రిబ్యూషన్' (ఇష్టమైతే ఇచ్చే డబ్బు) అని ఉంటుంది చూడండి. కట్టలేదని మీ బాబునొక్కణ్ణే వదిలేసి వెళ్లరు. చాలామంది కట్టకపోతే మాత్రం ట్రిప్పే రద్దు కావచ్చు కాబట్టి, వీలుంటే కట్టెయ్యండి.

బట్టల గురించి టెన్షన్ పడకండి. పాత బ్రౌన్ ప్యాంటు, వదులు చొక్కా, నడుముకో గుడ్డ, తలకి ఉన్ని టోపీ, అంతే. రాజుగారి డ్రెస్సు కొనకండి. ఆ రోజుల్లో ఊదారంగు పట్టు రాజకుటుంబానికే చెల్లేది. 1571లో అయితే ఆరేళ్లు దాటిన సామాన్యులు ఆదివారాలు, పండగ రోజుల్లో ఇంగ్లండ్‌లో చేసిన ఉన్ని టోపీ పెట్టుకోవాలని ఏకంగా చట్టమే చేశారు, ఉన్ని పనివాళ్లకి గిరాకీ పోకుండా!

మ్యూజియంలో ఒక పాత రైతు ఇల్లుంది, ఆ ఇంటి పేరు బేలీఫ్. కెంట్‌లో రిజర్వాయర్ కింద మునగబోతుంటే విప్పదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా సర్దారు. హాలు మధ్యలో నేల మీదే పొయ్యి, పొగగొట్టం లేదు, పొగంతా పైకప్పులోకే. కిటికీలకి అద్దాలుండవు, చెక్క తలుపులే. కట్టెల పొయ్యి మీద వండిన అమ్మమ్మ ఉంటే ఆవిడ కబుర్లు బాబుకి ముందే చెప్పించండి, బాగా అతుకుతాయి. ఇంకొకటి కూడా చెప్పండి: ట్యూడర్ రాజు ఎనిమిదో హెన్రీ, మన శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కింది ఒకే ఏడాది, 1509లో. క్లాసులో ఈ ముక్క చెప్పేది వాడొక్కడే అవుతాడేమో!

తిండి విషయంలో ఫారంలో 'వెజిటేరియన్' అని రాసి ఊరుకోకండి. ఇక్కడి వెజిటేరియన్‌లో గుడ్డు ఉంటుంది. గుడ్డు తినకపోతే ఆ మాట విడిగా రాయండి. ట్యూడర్ వంట రుచి చూపిస్తే జావలాంటి పాటేజ్ ఇవ్వొచ్చు, అందులో మాంసం ఉందో లేదో టీచర్ని ముందే అడగండి. లంచ్‌కి చపాతీ రోల్ హాయి, పులిహోరైతే స్పూన్ వెతుక్కోవాలి. వేరుశెనగ పప్పు మాత్రం వద్దు, చాలా స్కూళ్లలో నట్స్ నిషేధం.

అదంతా ఆరుబయలు, వానపడితే బురదే. వాటర్‌ప్రూఫ్ జాకెట్, పాత బూట్లు వేయండి. పేరెంట్ హెల్పర్లని అడిగితే, సెలవు దొరికితే మీరూ వెళ్లండి. తోటి తల్లిదండ్రులతో పరిచయాలు అక్కడే మొదలవుతాయి. బాబుకి బస్సులో వాంతులయ్యే అలవాటుంటే టీచరుకి చెప్పండి. మాత్ర జేబులో పెట్టి పంపకండి, మందులేవైనా స్కూలు వాళ్ల చేతికే ఇవ్వండి.