నాలుగో తరగతి పిల్లాడికి వర్డ్ ప్రాబ్లమ్స్ ఇంట్లో ఎలా నేర్పాలి?

మీ అబ్బాయి కూడికలు, తీసివేతలు చకచకా చేసేస్తాడు, అదే లెక్కని నాలుగు వాక్యాల్లో ఇస్తే మాత్రం "ఇందులో ప్లస్సా, ఇంటూనా?" అని మీ మొహం చూస్తాడు అని రాశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా అమ్మాయి రెండేళ్లపాటు నన్ను అలాగే చూసింది.

ముందే చెప్తున్నాను, నేను టీచర్ని కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. అయినా ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పగలను. మీవాడికి లెక్క వచ్చు. లెక్కలో ఉన్న కథే అర్థం కావట్లేదు. ట్యూషన్‌కి పంపితే ఇది పోదు, నాదీ గ్యారంటీ.

పోయిన ఏడాది, మా అమ్మాయి ఐదో తరగతి. రాత్రి తొమ్మిదిన్నర అయింది. తెల్లారితే ఇవ్వాల్సిన వర్క్‌షీట్‌లో ఒక్క లెక్క మిగిలిపోయింది. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తే ఇదీ: ఒక పండ్ల వ్యాపారి పొద్దున తన దగ్గరున్న కమలాపండ్లలో ఐదింట రెండు వంతులు అమ్మాడు. సాయంత్రం మిగిలినవాటిలో మూడో వంతు అమ్మాడు. ఇంకా 48 పండ్లున్నాయి. మొదట ఎన్ని ఉండేవి?

మా అమ్మాయి ఐదింట రెండునీ మూడింట ఒకటినీ కూడింది. పదిహేనింట పదకొండు వచ్చింది. దాన్ని 48తో గుణించి, 35 పండ్లు, పైన ఇంకో ముక్క అని రాసేసింది. ఆఖర్న 48 మిగిలినప్పుడు మొదట 35 ఎలా ఉంటాయే అంటే, "ఏమో, లెక్క చేస్తే అదే వచ్చింది" అంది.

నాకు కోపం వచ్చింది. పెన్ను లాక్కుని "ఎక్స్ అనుకో" అని మొదలుపెట్టాను. అది బిక్కమొహం వేసుకుని "ఎక్స్ ఎవరు నాన్నా?" అంది. అక్షరాలతో లెక్కలు ఐదో తరగతిలో ఉండవని అప్పుడు నాకు గుర్తు లేదు. నేను మూడు లైన్లలో 120 తేల్చి గర్వంగా తల ఎత్తేసరికి అది ఏడుస్తోంది.

వంటింట్లోంచి మా ఆవిడ, "లెక్క వచ్చింది సరే, పిల్లకి వచ్చిందా?" అంది. ఆ మాటతో కాస్త తగ్గాను. పుస్తకం మూసి, "ఇందులో నీకు తెలియని మాట ఏది?" అని అడిగాను. కాసేపు ముక్కు చీదుకుని "రిమైండర్" అంది. "రిమైండర్ అంటే భాగహారంలో కింద మిగిలేది కదా. ఇక్కడ భాగహారం ఎక్కడుంది?"

అదండీ సంగతి. గంటసేపటి నుంచి పిల్ల ఆ లెక్కలో భాగహారం కోసం వెతుక్కుంటోంది. బళ్లో ఆ మాట నేర్పింది ఆ ఒక్క చోటే మరి. "మిగిలినవాటిలో" అని తెలుగులో చెప్పగానే కళ్లు తుడుచుకుని, "అంటే మొత్తంలో మూడో వంతు కాదా?" అంది. సగం లెక్క అక్కడే అయిపోయింది.

తర్వాత కాగితం మడిచి చూపిద్దామనుకున్నాను. కాగితాన్ని ఐదు సమాన భాగాలుగా మడవడం మీరెప్పుడైనా చేశారా? చేయకండి. వంటింట్లోంచి ఐదు స్టీలు గ్లాసులు తెచ్చి వరసగా పెట్టాను. "కడిగినవి, కింద పెట్టకండి" అని కేక వినబడింది, కానీ అప్పటికే పెట్టేశాను. ఒక్కో గ్లాసు ఒక్కో వంతు. పొద్దున అమ్మినవి రెండు వంతులు కదా, అదే రెండు గ్లాసులు బోర్లించింది. నిలబడినవి మూడు. "ఇప్పుడు ఈ మూడిట్లో మూడో వంతు ఎంత?" అని నేను అడుగుతుండగానే ఇంకో గ్లాసు బోర్లించేసింది. మిగిలిన రెండు గ్లాసుల వంక ఒక్క క్షణం చూసి, "రెండిట్లో 48, ఒక్కోదాంట్లో 24, ఐదిట్లో 120" అని అరిచింది. పెన్ను ముట్టుకోలేదు. ఇంకెక్కడి ఎక్స్?

నేనేదో కొత్తగా కనిపెట్టానని సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. "అన్నయ్యా, ఇక్కడ బళ్లలో 1980ల నుంచి ఇదే నేర్పుతున్నారు, గ్లాసుల బదులు పొడుగు డబ్బాలు గీయిస్తారు, బార్ మోడల్ అంటారు" అంది. సర్లే అనుకున్నాను. మా కొట్టుకి వచ్చే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఇంకా వెనక్కి తీసుకెళ్లారు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథంలో సరిగ్గా ఇలాంటి లెక్కలకి, అంటే కొంత తీశాక మిగిలినదాంట్లో మళ్లీ వంతు తీసేవాటికి, ప్రత్యేకంగా ఒక పేరే ఉందట: శేషజాతి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగువాళ్లు వందల ఏళ్ల కిందటే పద్యాల్లో వర్డ్ ప్రాబ్లమ్స్ చేశారు. మనం ఇప్పుడు రిమైండర్ దగ్గర ఏడుస్తున్నాం.

ఇంగ్లీష్ మీడియం వద్దనట్లేదు, మా పిల్లా అందులోనే చదువుతోంది. ఇంటికొచ్చాక ఆ ప్రశ్నని ఒకసారి తెలుగులో కథలా చెప్పించండి అంటున్నాను, అంతే. అది కూడా అంకెలు లేకుండా. "ఒకాయన దగ్గర పండ్లున్నాయి, పొద్దున కొన్ని అమ్మాడు, మిగిలినవాటిలో సాయంత్రం కొన్ని అమ్మాడు" అని మీవాడు చెప్పగలిగితే తర్వాత అంకెలు ఇవ్వండి. చెప్పలేకపోతే అంకెలిచ్చి లాభం లేదు.

అన్నట్టు, ఆ వర్క్‌షీట్లు ఎక్కడినుంచి దించుతారో గానీ వాటిలో మఫిన్లు, బ్లూబెర్రీలు, డైములు, క్వార్టర్లు అనే అమెరికా నాణేలు. గుంటూరు పిల్లకి క్వార్టర్ అంటే వేరే అర్థం తెలుస్తుంది, ఊరంతా బోర్డులే కదా!

బళ్లో నేర్పే కీవర్డులంటే నాకు ఇంకా మంట. "మోర్ అంటే కూడు, లెఫ్ట్ అంటే తీసెయ్, ఈచ్ అంటే గుణించు" అని గోడకి చార్టు కూడా వేలాడదీస్తారు. సరే, ఈ లెక్క చూడండి: రవి దగ్గర 24 గోళీలున్నాయి, గోపీ దగ్గర ఉన్నవాటికంటే ఇవి 6 ఎక్కువ. గోపీ దగ్గర ఎన్ని? చార్టు బట్టీ పట్టిన పిల్లలు 30 అంటారు. చార్టు ఊసే లేని మా కొట్టు హమాలీ 18 అన్నాడు, మూట దించకుండానే.

ఇంకోటి. ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్లో 1980 ప్రాంతంలో బడిపిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చాలామంది పిల్లలు ఏదో ఒక అంకె చెప్పేశారు. నేను నమ్మలేక మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లల్ని అడిగాను. ముగ్గురు 36 అన్నారు. అందులో ఒకడు తన పద్ధతి కూడా వివరించాడు: "260 అయితే ముసలాయన కన్నా ముసలాయన, 16 అయితే ఓడ నడపనివ్వరు, కాబట్టి 36." ఎంత తెలివో చూడండి, తెలివంతా తప్పు చోట ఖర్చైపోయింది. నాలుగో పిల్ల మాత్రం "అంకుల్, వయసు గురించి ఇందులో ఏం చెప్పలేదుగా" అంది. ఆ పిల్ల అబాకస్ క్లాసుకి వెళ్లదు. అబాకస్‌కి వెళ్లే ముగ్గురూ 36 వాళ్లే. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

మా యార్డులో ఎవడూ "ఇందులో ప్లస్సా?" అని అడగడు. రైతు వచ్చి "మొత్తం మీద నా చేతికి ఎంతొస్తది?" అంటాడు, అంతే. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని, గోనె బరువు తీశారా లేదా, హమాలీ పోయిందా, ముందు ఇచ్చిన అడ్వాన్స్ ఎంత, ఇవన్నీ మనమే అడిగి తెలుసుకోవాలి. లెక్క చేసేది ఆ తర్వాత, దానికి క్యాలిక్యులేటర్ ఉంది.

మీరు రోజుకి ఇరవై లెక్కలు చేయించకండి. రెండు చాలు. పెన్ను మాత్రం మీ చేతిలో ఉండకూడదు. జవాబు వచ్చాక దాన్ని మళ్లీ కథలో పెట్టించండి: 120లో 48 పోతే 72, అందులో మూడో వంతు 24 పోతే 48, సరిపోయింది. ఈ ఒక్క అలవాటు ఉంటే 35 లాంటి జవాబు పుస్తకంలో మిగలదు.

మార్కులు వెంటనే పెరుగుతాయని మాత్రం ఆశపడకండి. మా అమ్మాయి పరీక్షలో ఇలాంటి లెక్కకే ఐదు గళ్లు గీసి సరైన జవాబు రాస్తే, స్టెప్స్ లేవని సగం మార్కులే ఇచ్చారు. వెళ్లి టీచర్ని అడిగాను. ఆవిడ పాపం బల్ల మీద పేపర్ల కట్ట చూపించి, "ఆన్సర్ కీలో ఎలా ఉంటే అలాగే దిద్దాలండీ" అన్నారు. ఏమీ అనలేక వచ్చేశాను.

ఇప్పుడు మా అమ్మాయే నాకు లెక్కలు రాసి ఇస్తోంది. నిన్న రాత్రి ఇచ్చింది ఇదీ: "నాన్న దగ్గర కొంత డబ్బు ఉంది. సగం అమ్మకి ఇచ్చాడు. మిగిలినదాంట్లో సగం పెట్రోల్‌కి పోయింది. ఇంకా 150 రూపాయలు ఉన్నాయి. నాకు సైకిల్ ఎప్పుడు కొంటాడు?"

గ్లాసులు కూడా లేకుండా 600 అని చెప్పేశాను. "అది అడగలేదు నాన్నా, ప్రశ్న చదువు" అంది.