మేస్త్రి నాతో మాట్లాడటం మానేశాడు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. బీటెక్ సివిల్ చేసి ఎనిమిది నెలలుగా ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మూడో అంతస్తు స్లాబుకు ముందురోజు బాల్కనీ ఇనుము నేనే దగ్గరుండి కట్టించాను. మా తాపీమేస్త్రికి యాభై ఏళ్లుంటాయి, పెద్దగా చదువుకోలేదు. అతను చూసి, "సార్, బాల్కనీకి కడ్డీ పైన రావాలి కదా, కింద కట్టించారేంటి?" అన్నాడు. కూలీలంతా నవ్వారు. నాకు ఒళ్లు మండి, "ఇంజినీరువి నువ్వా, నేనా?" అని అరిచాను. సాయంత్రం కాంట్రాక్టరు వచ్చి అంతా విప్పించి మళ్లీ కట్టించాడు. అప్పటి నుంచి మేస్త్రి అడిగిన దానికి తప్ప నోరు విప్పడు. పొద్దున్నే సైట్‌కి వెళ్లాలంటే టెన్షన్. "నాలుగేళ్లు చదివి వాళ్లతో మాట పడే ఖర్మేంటి? మానేసి గవర్నమెంటు ఉద్యోగానికి ప్రిపేర్ అవ్వు" అంటోంది అమ్మ. మానేయనా?

జవాబు: మీ ఉత్తరం చదివాక నాకు సంగతి సరిగ్గా అర్థం కాలేదు. మా పక్కింటి రిటైర్డ్ ఇంజినీరుగారిని అడిగాను. బాల్కనీకి ఒకవైపే ఆధారం ఉంటుంది, బరువు పడితే పైభాగం సాగుతుంది, కాబట్టి అసలు ఇనుము పైన ఉండాలి అని అట్టముక్క వంచి చూపించారు. పరీక్షలో మీరు ఇది రాసే ఉంటారు. కాలికింద ఉన్న కడ్డీకీ ఆ పాఠానికీ సంబంధం ఆరోజు తట్టలేదు, అంతే. ఎనిమిది నెలల ఇంజినీరుకు అది వింత కాదు.

నన్ను కలవరపెట్టింది మరొకటి. మేస్త్రి చెప్పింది కాంక్రీటు పోయకముందు. ఒక పూట పనితో సరిపోయింది. ఇప్పుడు ఆయన నోరు విప్పడం లేదంటున్నారు. రేపు ఇంకో తప్పు కంటపడితే, "నాకెందుకొచ్చిన గొడవ" అని ఊరుకుంటే? నవ్వులపాలు కావడం కంటే మీరు భయపడాల్సింది దానికి.

నేనూ ఇలాంటి పనే చేశాను. ఈ కౌన్సెలింగ్ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక భార్యాభర్తలు వచ్చారు. బయట కూర్చునే ఆయమ్మ లోపలికొచ్చి, "మేడమ్, ఆ అమ్మాయి ఆయన ముందు మాట్లాడదు, విడిగా పిలవండి" అంది. ఈమె నాకు చెప్పేదేంటి అనుకున్నాను. గంటసేపు ఆ అమ్మాయి చీరకొంగు మడతపెడుతూ కూర్చుంది. వాళ్లు మళ్లీ రాలేదు.

మీరు అరిచింది కూలీల ముందు. కాబట్టి సారీ కూడా వాళ్ల ముందే చెప్పండి. "ఆరోజు మీరు చెప్పిందే కరెక్టు, నేను అరవకుండా ఉండాల్సింది" అంటే చాలు, ఉపన్యాసం వద్దు. ఇంకోమాట. యాభై ఏళ్ల మనిషిని "నువ్వా" అన్నారు. ఆయన మిమ్మల్ని "సార్" అంటున్నాడు. ఇకనుంచి "మీరు" అనండి. ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఆ "నువ్వు" అని నా అనుమానం.

తర్వాత, మీకు నిజంగా తెలియనిది అడగండి. స్లాబుకు అచ్చుగా పరిచే సెంట్రింగ్ షీట్ల సందుల్లోంచి సిమెంటు పాలు కారకుండా ఏం చేస్తారు అనో, ఇంకేదో. తెలిసిందే తెలియనట్టు అడిగితే ఆయన ఇట్టే పట్టేస్తారు.

అలాగని ఆయన అన్న ప్రతిదానికీ తలూపమని కాదు. కాంక్రీటు జారడం లేదు, ఇంకో బకెట్ నీళ్లు పోద్దాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందని చెప్పాల్సింది మీరే, మీ చదువు పనికొచ్చేది అక్కడే. బలం పరీక్షకని అదే కాంక్రీటుతో పోసి ఉంచిన దిమ్మెల్ని (క్యూబుల్ని) 28 రోజులకు పగలగొట్టించేటప్పుడు వీలైతే ఆయన్నీ తీసుకెళ్లండి. తను పోసిన కాంక్రీటు ఎంత బరువుకు పగిలిందో చూడటం ఏ మేస్త్రికైనా సరదాయే.

అమ్మతో వాదించకండి, కొడుకును చూసి ఎవరో నవ్వారన్న బాధ ఆమెది. గవర్నమెంటు ఉద్యోగానికి చదవాలనుంటే చదవండి, కానీ ఈ మేస్త్రిని తప్పించుకోవడానికి కాదు. గవర్నమెంటులో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) వెళ్లినా అక్కడ స్లాబు పోసేది మేస్త్రులే.

నాలుగో అంతస్తు స్లాబు ఎప్పుడో మీరు రాయలేదు. ఆయనతో అంతకుముందే మాట్లాడండి.