పాత డీఎస్ఎల్ఆర్, మామూలు ట్రైపాడ్‌తో గెలాక్సీ ఫొటో వస్తుందా?

ప్రశ్న: పాత డీఎస్ఎల్ఆర్, 18-55 లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. ఉండేది హైదరాబాద్‌లో. టెలిస్కోపు కొనకుండా గెలాక్సీని ఫొటో తీయొచ్చా?

తీయొచ్చండి. అయితే మొదటి ప్రయత్నానికి ఒక్కదాన్నే పెట్టుకోండి: ఆండ్రోమెడా, అదే ఎం31. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా ఆకాశంలో పొడవున దాదాపు 3 డిగ్రీలు పరుచుకుని ఉంటుంది. ఆరు పున్నమి చంద్రుళ్లని వరసగా పేర్చినంత. అది చిన్నదై కనబడకపోవడం కాదు, మసకై కనబడటం లేదు. కాబట్టి మీక్కావలసింది పెద్దది చేసి చూపించే సామాను కాదు, చీకటి. ఆన్‌లైన్‌లో 525 రెట్లు అని అమ్మే బొమ్మ టెలిస్కోపుల జోలికి పోకండి. వాటి స్టాండు గాలికే ఊగుతుంది, కెమెరా బరువు మోయడం మాట దేవుడెరుగు. ఆ డబ్బు పెట్రోలుకి పెట్టండి.

ఒక్క వస్తువు కొంటానంటే మాత్రం సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు చూడండి. మీ 18-55 చివరి 55 దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం 10 మిల్లీమీటర్లు. 50ని ఎఫ్/2.8 దగ్గర పెడితే 18 మిల్లీమీటర్లు. మూడింతలకు పైగా వెలుగు. 1.8 ఉండగా 2.8 ఎందుకంటే, పూర్తిగా తెరిస్తే మూలల్లో నక్షత్రాలకి రెక్కలు మొలుస్తాయి.

ఇక రోజు. మన దగ్గర వానాకాలం వెళ్లాక ఆండ్రోమెడాకి వీలైన మొదటి మంచి అమావాస్య ఏదంటే దీపావళి! చంద్రుడు ఉండడు గానీ ఆకాశం నిండా టపాకాయల పొగ. అందుకే తరవాతి అమావాస్య, కార్తీకం చివరది, పట్టుకోండి. అప్పటికి ఏడాదిని బట్టి రాత్రి ఏడున్నర, తొమ్మిదిన్నర మధ్య గెలాక్సీ నడినెత్తికి కాస్త ఉత్తరంగా, 66 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఊరికి ఉత్తరంగా, మెదక్ వైపు 80 కిలోమీటర్లు దాటి వెళితే నగరం వెలుగు మీ వీపు వెనక ఉంటుంది. శ్రీశైలం రోడ్డు ఇంకా చీకటే గానీ అమ్రాబాద్ అడవిలోకి రాత్రిపూట బళ్లు వదలరు.

వీధి దీపాల సంగతి చెప్పకుండా ఉండలేను. పాత పసుపు సోడియం దీపాలున్నప్పుడు వాటి వెలుగు దాదాపుగా కొన్ని రంగుల్లోనే ఉండేది, ఫిల్టరుతో చాలావరకు ఆపగలిగేవాళ్లం. తెల్ల ఎల్ఈడీలొచ్చాక అన్ని రంగులూ కలిసి ఆకాశంలోకి పోతున్నాయి. గెలాక్సీ వెలుగంటే నక్షత్రాల వెలుగే, అదీ అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగిపోతుంది. కొన్ని రంగుల్లోనే వెలిగే నెబ్యులాలకి (అంతరిక్షంలోని వాయు మేఘాలకి) పనికొచ్చే ఫిల్టర్లు గెలాక్సీలకి ఎందుకూ కొరగానిది ఇందుకే. ఉస్మానియా వాళ్లు 1960ల్లో చీకటి కోసమని ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నారు. ఊరు దాని దాకా నడిచొచ్చింది. తలమీద మూత ఉన్న దీపం పెట్టమంటే వినేవాడు లేడు.

సరే, చోటు దొరికిందనుకుందాం. ఫోకస్ దగ్గరే సగంమంది రాత్రి వృథా చేసుకుంటారు. లెన్సు మీద ఉన్న అనంతం గుర్తుని నమ్మొద్దు. లెన్సుని మాన్యువల్‌కి మార్చండి, స్టెబిలైజేషన్ ఉంటే ఆపేయండి. ఈశాన్యంలో లేస్తున్న బ్రహ్మహృదయం మీదకి కెమెరా తిప్పి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద) 10 రెట్లు పెద్దది చేయండి. రింగు తిప్పుతుంటే నక్షత్రం ఆకుపచ్చ అంచున్న బొట్టు అవుతుంది, తగ్గి సూదిమొన అవుతుంది, దాటితే ఊదా అంచుతో మళ్లీ ఉబ్బుతుంది. రెండు మూడు సార్లు అటూ ఇటూ దాటించి సూదిమొన దగ్గర ఆపి, రింగుని టేపుతో అంటించేయండి. గంటకోసారి మళ్లీ చూడాలి, చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్సే వాడుతుంటే జూమ్ రింగుకీ టేపు వేయండి. పైకి చూస్తున్న లెన్సు తన బరువుకే నెమ్మదిగా వెనక్కి జారుతుంది.

షట్టరు ఎంతసేపు? 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించమనే పాత సూత్రం ప్రకారం క్రాప్ సెన్సరు (ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది, 50ని దాదాపు 75గా లెక్కేయాలి) మీద 50 ఎంఎంకి 6 సెకన్లు దాటుతుంది. ఇప్పటి 24 మెగాపిక్సెళ్లకి అది పనికిరాదు. ఆండ్రోమెడా ఉన్నచోట నక్షత్రం సెకనుకి దాదాపు 11 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతుంది, మీ పిక్సెల్ ఒక్కోటి 16 ఆర్క్‌సెకన్లు. 4 సెకన్లలో మూడు పిక్సెళ్ల గీత. అది ఓర్చుకోవచ్చు, అంతకు మించితే గుండ్రాలు గుడ్లవుతాయి. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సరు స్పందించే స్థాయి) 1600, రా ఫార్మాట్ (జేపెగ్ కాదు), లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో తరవాత అంతే సేపు కెమెరా తనలో తాను ఇంకో నల్ల ఫొటో తీసుకుంటూ కూర్చుంటుంది, సగం రాత్రి దానికే పోతుంది.

గెలాక్సీ ఎక్కడుందో తెలియకపోతే, పెగాసస్ పెద్ద చతురస్రం ఈశాన్య మూల నుంచి వరసగా రెండో నక్షత్రం మిరాక్. అక్కడ కాసియోపియా వైపు మలుపు తిరిగి రెండు చిన్న నక్షత్రాలు దాటితే దాని పక్కనే. ఐఎస్ఓ 12800 పెట్టి ఒక ఫొటో తీయండి. మధ్యలో వేలితో రుద్దినట్టు చిన్న మరక కనబడితే అదే. ఐఎస్ఓని 1600కి తగ్గించి ఇంటర్వలోమీటరు (వరసగా ఫొటోలు తీయించే రిమోటు) తగిలించండి. కొన్నిటిలో ఇంటర్వల్ అంటే ఒక ఫొటో మొదలు నుంచి తరవాతి దాని మొదలుకి లెక్క. అలాంటప్పుడు 4 సెకన్ల ఫొటోకి 6 పెట్టాలి, 1 పెడితే కుదరదు.

తరవాత ఒకదాని మీద ఒకటి కలపడానికి (దీన్నే స్టాక్ చేయడం అంటారు) ఫొటోలు 300కి తగ్గొద్దు, అంటే మొత్తం 20 నిమిషాల వెలుగు. 900 తీస్తే ఇంకా మంచిది. నాయిస్ (ఫొటోలో గింజగింజలుగా కనబడే మచ్చలు) సగమవ్వాలంటే నాలుగింతలు తీయాలి, అది మారదు. పావుగంటకోసారి ట్రైపాడ్ తల తిప్పి గెలాక్సీని మధ్యకి తెచ్చుకోండి. అయితే ప్రతిసారీ కాస్త అటూ ఇటూగా పెట్టండి. ఒకే దారిలో జరుగుతూ పోతే స్టాక్ చేశాక వాన జల్లులాంటి చారలొస్తాయి. కార్తీక మంచు లెన్సు మీద పడుతుంది, గుడ్డతో తుడిస్తే మరకవుతుంది. యూఎస్‌బీ హీటరు పట్టీ చుట్టండి, పవర్ బ్యాంకు చాలు.

సర్దేముందు మూత పెట్టి అదే 4 సెకన్లు, అదే ఐఎస్ఓతో 30 డార్కులు (సెన్సరు సొంత మచ్చల్ని తీసేయడానికి వాడే నల్ల ఫొటోలు). చలి అదే ఉన్నప్పుడే తీయాలి, ఇంటికొచ్చాక కాదు. ఫ్లాట్లు (లెన్సు నీడల్ని సరిచేయడానికి తీసే తెల్ల ఫొటోలు) తెల్లారాక కూడా తీసుకోవచ్చు: లెన్సు మీద తెల్ల టీషర్టు బిగించి, ఫోకస్ రింగు కదల్చకుండా, అదే ఎఫ్/2.8లో 30. ఇవి మానేస్తే లెన్సు మూలల నీడ చివరలో బయటపడుతుంది. మధ్యలో వచ్చే ఆ వెలుగు గుండ్రాన్ని గెలాక్సీ కాంతి అనుకుని మురిసిపోయేవాళ్లు బోలెడుమంది.

ఫొటోలన్నీ కలపడానికి సిరిల్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. స్టాక్ చేశాక మొదట బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఆకాశం వెలుగు తీసేయడం), తరవాత రంగుల సవరణ, ఆఖర్నే స్ట్రెచ్ (మసక భాగాల్ని వెలుగులోకి తేవడం). ఆకాశాన్ని కాటుక నలుపు చేయకండి, 255లో 20 దగ్గర ఉంచండి. గెలాక్సీ అంచులు ఆ నలుపుకి ఒక్క మెట్టు పైనే ఉంటాయి, లేదంటే వాటిని కూడా తుడిచేస్తారు. జాగ్రత్తగా చేస్తే 50 ఎంఎంలో 670 పిక్సెళ్ల పొడవున కోడిగుడ్డు ఆకారం, దాన్ని ఆనుకుని ఎం32, పక్కన ఎం110 అనే చిన్న గెలాక్సీలు వస్తాయి.

ఇది కుదిరాక స్టార్ ట్రాకర్ (నక్షత్రాలతో పాటు కెమెరాని తిప్పే యంత్రం) మీద మనసుపడతారు. దాన్ని ధ్రువనక్షత్రానికి గురిపెట్టి అమర్చాలి. హైదరాబాద్‌లో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లు కూడా కాదు. డబ్బు కట్టేముందు మేడెక్కి, అంత ఎత్తులో ఎదురింటివాళ్ల వాటర్ ట్యాంకు లేదని చూసుకోండి.