ఎక్స్‌రే టెక్నీషియన్ దారి వేరు, మీ అమ్మాయి దారి వేరు

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మెత్తటి కండను కూడా స్పష్టంగా చూపించే ఎక్స్‌రే గురించి ఎక్కడో చదివింది. దానికి వాడే ఆప్టిక్స్, అంటే కిరణాలను మలిచే భాగాలు, తయారు చేసే పని నేర్చుకుంటానంటోంది. వాళ్ల మేనమామేమో ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో చేర్చమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మేనమామగారు చెప్పింది మంచి కోర్సే, కానీ అందులో నేర్పేది యంత్రాన్ని నడపడం. మీ అమ్మాయి అడుగుతున్నది యంత్రం లోపలి భాగాలు తయారు చేసే పని. దానికి ఫిజిక్స్ కావాలి.

ఇంటి దగ్గర సిమెంటు తొట్టి ఉంటే మిట్టమధ్యాహ్నం అందులోకి చూడండి. నీళ్లు తేటగా ఉన్నా అడుగున వెలుగు గీతలు వలలా కదులుతుంటాయి. అలల దగ్గర ఎండ కాస్త వంగుతుంది కాబట్టి అలా కనిపిస్తుంది. ఒంట్లోంచి వెళ్లేటప్పుడు ఎక్స్‌రే కూడా అలాగే వంగుతుంది. మామూలు ఎక్స్‌రేలో కిరణం ఎంత ఆగిందో మాత్రమే తెలుస్తుంది. మీ అమ్మాయి చదివిన రకాన్ని ఫేజ్ కాంట్రాస్ట్ అంటారు, అందులో ఎంత వంగిందో కూడా తెలుస్తుంది. ఆ వంపు డిగ్రీలో పదివేలో వంతు కూడా ఉండదు మరి! దాన్ని పట్టుకోవడానికి వాడే పద్ధతుల్లో ఒకటి గ్రేటింగులు, అంటే దగ్గరదగ్గరగా సన్నటి గీతలున్న పలకలు. వాటిమీద వెంట్రుక మందంలో ఇరవై దాకా బంగారు గీతలు పట్టాలి. సన్నగా ఉంటే చాలదు, ఎక్స్‌రేని ఆపేంత ఎత్తుగా, పక్కకు ఒరగకుండా నిలబడాలి. పనితనమంతా అక్కడే ఉంది. 2006లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు గ్రేటింగులతో, మామూలు ఎక్స్‌రే ట్యూబుతోనే దీన్ని చేసి చూపించారు. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) దగ్గర ఫేజ్ కాంట్రాస్ట్ ఇమేజింగ్ జరుగుతోంది.

ఆప్టిక్స్ అని పేరున్న డిగ్రీ కోసం వెతక్కండి. ఐసర్, నైసర్ అనేవి ఇంటర్ తర్వాత సైన్స్ చదివించే కేంద్ర సంస్థలు. ఐసర్‌ల ప్రవేశ పరీక్ష, నైసర్ వాళ్ల నెస్ట్, రెండూ రాయించండి. రాకపోతే టెన్షన్ వద్దు. డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో నల్గొండ ఎన్‌జీ కాలేజీ పెట్టుకుని మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి, ఫైనల్ ఇయర్‌లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాయొచ్చు. తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. మొత్తం పదేళ్ల పని, ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు కాబట్టి అప్పటి నుంచి మీ మీద భారం ఉండదు. అచ్చంగా ఈ పనికే ఉద్యోగాలు తక్కువ. కానీ మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గీతలు చెక్కడం వచ్చినవాళ్లు చిప్‌ల తయారీలోనూ పనికొస్తారు.

పరీక్షలయ్యాక ఒక పాత సీడీ, లేజర్ పాయింటర్ ఇవ్వండి. సీడీ మీద కూడా గ్రేటింగులాగే సన్నటి గీతలుంటాయి. లేజర్ సీడీ మీద కొట్టి, గోడమీద పడిన చుక్కల దూరం కొలిచి, గీతల ఎడం లెక్కకట్టమనండి. 1.6 మైక్రాన్ల దరిదాపుల్లో రావాలి. తేడా వచ్చినప్పుడు విసుక్కోకుండా మళ్లీ కొలుస్తోందా లేదా అన్నది మీరు గమనించండి. లేజర్ మాత్రం కళ్లలో పడనివ్వకండి.