సర్పంచికి నిలబడతానన్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నువ్వు ఈసారి సర్పంచికి నిలబడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పైకి "దానికెందుకురా ఈ గొడవలు" అని కసిరాను గానీ, ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మను పిలిచి మరీ చెప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషమో టెన్షనో నాకే తెలీదు.

ప్రచారం సంగతి నీ వయసు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. పంచాయతీ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు గానీ ఎవరు ఏ పార్టీయో ఊరందరికీ తెలుసు. అయినా అన్ని గడపలూ తొక్కు. గెలిచినా ఓడినా ఖర్చుల లెక్క గడువులోగా ఇచ్చెయ్యి. గుడికి ఇంత ఇస్తే ఏకగ్రీవం చేస్తామని ఏ పెద్దమనిషైనా వస్తే మజ్జిగిచ్చి పంపించు.

అసలు గొడవంతా నీళ్ళతోనే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై మన దివిసీమను మధ్యలో పెట్టుకుని పోతుంది. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చుట్టూ నదున్నా మన గొంతు తడిపేది విజయవాడ బ్యారేజీ నుంచి వచ్చే కాలువే. మనం శివారు. పైవాళ్ళు వాడుకుని వదిలితేనే మనదాకా వస్తుంది. కింద నుంచేమో పోటు మీద ఉప్పునీరు డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు 29 విషయాలు రాశారు. అన్నీ చదువు, మంచిదే. మన ఊళ్ళో మాత్రం సర్పంచిని తిట్టేది కుళాయి గురించే.

నువ్వు పుట్టకముందు మాట. మా చిన్నాన్న, అదే మీ చిన్నతాత, సర్పంచి. మనిషి నిక్కచ్చి, పంచాయతీ ఆఫీసులో టీ కూడా సొంత డబ్బుతోనే తాగేవాడు. ఇంటిపన్నులు వసూలు కావు, పారిశుధ్య కార్మికులకు నెలల తరబడి జీతాల్లేవు, వీధిదీపాల బిల్లు పేరుకుపోయింది. అప్పుడెవరో మంచినీళ్ళ చెరువులో చేపలకు వేలంపాట పెట్టమన్నారు. పాట బాగానే పలికింది. జీతాలిచ్చారు, దీపాలు వెలిగాయి, ఊరంతా మెచ్చుకుంది.

పాడుకున్నవాడు ఊరుకుంటాడా? తవుడు వేశాడు, గానుగచెక్క వేశాడు, రాత్రిపూట కోళ్ళ వ్యర్థాలు కూడా దింపాడన్నారు. సంక్రాంతి దాటేసరికి నీళ్ళు పచ్చగా తిరిగాయి. ఫిల్టర్‌బెడ్ ఇసుక మీద జిగురుపొర కట్టేది, గీకితే మర్నాటికి మళ్ళీ అంతే. బిందె మూత తీస్తే నీచు వాసన. అదీ ఓర్చుకున్నారు. కొంప మునిగింది వేసవిలో. కాలువలు కట్టేసేలోగా చెరువు నింపుకోవాలి కదా. నీళ్ళు పెరిగితే చేపలు వలకు అందవు, పట్టేదాకా ఆగమన్నాడు పాటదారు. పది రోజులన్నాడు. ఈలోగా పైన లాకులు దించేశారు. వాడు ఇంజన్లు పెట్టి ఉన్న నీళ్ళు కూడా తోడేసి చేపలు పట్టుకుపోయాడు. మనకు బురద మిగిలింది.

ఆ ఎండల్లో ట్యాంకరే దిక్కు. అది రోడ్డు మీదే ఆగేది. యానాదుల కాలనీ ఆడవాళ్ళు నడిచి వచ్చేసరికి అడుగున తుప్పునీళ్ళు. చిన్నతాత ట్యాంకరు వెనకే నిలబడి ముందు కాలనీవాళ్ళ బిందెలు నింపించాడు. దానికీ ఊళ్ళోవాళ్ళు తిట్టారు. ఆయన మళ్ళీ నిలబడలేదు.

అమ్మాయ్, ఆ పాట తీర్మానం ఎలా అయిందో విను. గ్రామసభ పెట్టలేదు. తీర్మానాల పుస్తకమే వార్డు మెంబర్ల ఇళ్ళకు తిరిగింది. ఒకాయన కళ్ళంలో, ఇంకొకాయన పెళ్ళికి బయల్దేరుతూ సంతకం పెట్టారు. సభ పెట్టి ఉంటే నీళ్ళు మోసే ఏ ఆడమనిషైనా మొదటి మాటకే లేచి అడ్డుపడేది. అందుకే ఆ పుస్తకాన్ని ఆఫీసు దాటనివ్వకు. రాయని పేజీ మీదో, అంకె వెయ్యని చెక్కు మీదో సంతకం పెట్టావంటే నా గడప తొక్కొద్దు.

15వ ఆర్థిక సంఘం తన గ్రాంటులో నూటికి 60 తాగునీటికి, పారిశుధ్యానికే అని కట్టడి పెట్టింది. ఏ గ్రాంటు వచ్చినా సిమెంటు రోడ్డుకు మళ్ళిద్దామనే సలహాదారులు తయారవుతారు. రోడ్డు ఫొటోలో పడుతుంది, పైపు పడదు మరి.

ఇంకొకటి, నవ్వకు. తుఫాను షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో గెలిచిన రోజే కనుక్కో. 1977 నవంబరు 19, శనివారం. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఇళ్ళకు ఇళ్ళే ఉప్పెనలో పోయాయి. మనుషులు వేలల్లో పోయారు. మా ఇంటిల్లిపాదీ పక్కవీధి డాబా మీదకెక్కి బతికాం, ఆ మెట్ల తలుపుకు తాళం లేదు గనక. షెల్టర్లో ఎవరి సిమెంటు బస్తాలూ ఉండకూడదు, కలెక్టరు చెప్పినా సరే.

కాలువలో కాలు పెట్టడానికే భయపడి నా భుజమెక్కేదానివి. నువ్విప్పుడు ఊరి నీళ్ళ పెత్తనానికి వెళ్తున్నావు. మీ నాయనమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో.

మీ నాన్న మతిమరుపు మనిషి. ఇంటిపన్ను బకాయి ఉంటే నామినేషన్ల పరిశీలనలో అడ్డు చెబుతారు. పాత రసీదులు ఇనప్పెట్టెలో మా పెళ్ళి ఫొటోల కింద ఉండాలి, వెతికించు. దొరక్కపోతే పంచాయతీ కార్యదర్శిని అడిగి, బాకీ ఉంటే రేపే కట్టి, రసీదు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు.

మీ పెదనాన్న