జీతం లేని స్కౌట్ మాస్టరుకు కూడా పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం) కింద ఫిర్యాదు బాధ్యత ఉంటుందా?

ఉంటుంది; తిరుపతిలో ఏ పాఠశాల స్కౌట్ దళాన్ని స్వచ్ఛందంగా నడిపేవారైనా, బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు తెలియజేయవలసిందే. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ఈ బాధ్యతను ఉద్యోగులకే పరిమితం చేయకుండా ప్రతి వ్యక్తిపైనా ఉంచింది. జరిగిన నేరాన్ని తెలిసీ దాచిన పెద్దలకు 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లలు చాలాసార్లు తాము నమ్మిన నాయకుడి దగ్గరే నోరు విప్పుతారు కనుక ఇది ఎంతో అవసరమైన నియమం.

ఉదాహరణకు, తలకోన శిబిరంలో ఒక బాలుడు, మరో నాయకుడు తనను డేరాలోకి ఒంటరిగా పిలిచి అసభ్యంగా తాకాడని చెబితే, విన్నవారు ఆ బాలుణ్ణి గుచ్చి గుచ్చి అడగకుండా, చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, ఆ నాయకుణ్ణి పిల్లలకు దూరంగా ఉంచి, వెంటనే స్థానిక పోలీసులకు తెలపాలి. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసి సాయమూ కోరవచ్చు.

ప్రధానోపాధ్యాయుడికి చెబితే చాలుననీ, రుజువు దొరికేదాకా ఆగాలనీ చాలామంది అనుకుంటారు. రెండూ పొరపాటే. రుజువులు సేకరించడం పోలీసుల పని. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై, అది తరువాత నిలవకపోయినా, సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు.